వానలకు ముందే జేబులో పెట్టుకోవాల్సిన కాగితం

వానాకాలం హైదరాబాదులో జ్వరం, ప్లేట్‌లెట్లు ముప్పై వేలు అనగానే ఎవరి నోటైనా ముందు వచ్చే మాట డెంగ్యూ. మా నాన్నకు జ్వరం లేని రోజున కూడా ముప్పై వేలే. ఆయనది ఎండీఎస్, అంటే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, ఎముకల్లోని మూలుగ రక్తకణాలను సరిగా తయారుచేయలేని జబ్బు. అర్ధరాత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరుకు ఆ సంగతి మనమే చెప్పాలి. చెప్పాలంటే ముందు రిపోర్టు మనకు అర్థం కావాలి కదా!

తుంటి ఎముక వెనక నుంచి తీసిన మూలుగ రిపోర్టులో ‘హైపర్‌సెల్యులర్’ అని చూసి మేం సంబరపడ్డాం, కణాలు దండిగానే ఉన్నాయని. కుండ నిండా ఉడుకుతున్నా కంచంలోకి మెతుకు రాకపోవడమే ఈ జబ్బు. కణాలు వంకరగా పుట్టి, చాలామటుకు మూలుగలోనే చచ్చిపోతాయి. చూడాల్సిన అంకె బ్లాస్టుల, అంటే ఇంకా ఎదగని పసి కణాల శాతం. మామూలుగా 5 లోపే ఉంటుంది. 20కి చేరితే సాధారణంగా అక్యూట్ ల్యుకేమియా (వేగంగా ముదిరే రక్తక్యాన్సర్) కింద లెక్క. క్రోమోజోముల రిపోర్టు విడిగా, ఆలస్యంగా వస్తుంది. దాన్ని వదిలేయకండి. 5వ క్రోమోజోములో ఒక ముక్క పోయిందని తేలిన తక్కువ రిస్కు వాళ్లకు లెనలిడోమైడ్ అనే మందు బాగా పనిచేయొచ్చు. బ్లాస్టుల శాతం, క్రోమోజోములు, ఈ రెండింటికీ హిమోగ్లోబిన్, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు), ప్లేట్‌లెట్లు కలిపి జబ్బు ఎంత రిస్కో లెక్క కడతారు. 2022లో వచ్చిన లెక్కలో జన్యుమార్పులూ చేరాయి.

నాన్నకు అజాసిటిడిన్ అనే మందు నడుస్తోంది. 28 రోజులకోసారి, ఏడు రోజుల ఇంజెక్షన్లు, అదే ఒక సైకిల్. మొదటి ఒకటి రెండు సైకిళ్లలో కౌంట్లు, అంటే రక్తకణాల సంఖ్యలు, ఇంకా పడిపోవచ్చు. గుణం కనపడ్డానికి నాలుగు నుంచి ఆరు సైకిళ్లు పట్టొచ్చు. ‘మందు పడలేదు’ అని మధ్యలో మానేసేది ఇక్కడే. కౌంట్లు పడే ఆ రోజులు వానల్లోకి వస్తే జాగ్రత్త రెట్టింపు కావాలి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తగిలిందా, ‘డోలో వేసి పొద్దున చూద్దాం’ వద్దు. న్యూట్రోఫిల్స్ 500 లోపుంటే గంటల్లోనే పరిస్థితి చేయి దాటొచ్చు. యాంటీబయాటిక్ నరంలోకి వెంటనే పడాలి. వీధి చివర క్లినిక్‌లో డైక్లోఫెనాక్ సూది అసలే వద్దు: ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు సూది గుచ్చిన చోట కండలోకి రక్తం కారి గడ్డలా చేరొచ్చు, కిడ్నీకీ మంచిది కాదు. బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చే బంధువులకు దండం పెట్టి పంపేయండి, మూలుగలో ఉన్న లోపాన్ని ఆకు సరిచేయదు. ‘రక్తం పడుతుంది’ అని ఐరన్ మాత్రలూ డాక్టరు రాయకుండా వద్దు. ఎక్కించుకునే ప్రతి రక్తం సంచిలో 200 మిల్లీగ్రాములకు పైనే ఐరన్ ఉంటుంది, అది ఒంట్లో పేరుకుపోతుంది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్షలో ఎంతుందో అడగండి.

పానీపూరీ, కోసి అమ్మే పండ్లు, బోనాల రద్దీ ఈ ఏడాదికి ఆగుతాయి. బాల్కనీలో పావురాల రెట్ట రోగి చేత ఊడ్పించకండి, ఫంగస్ భయం.

పంజాగుట్ట దగ్గర నీళ్లు నిలిస్తే ఎటు వెళ్లాలో, ఏ ఆసుపత్రిలో రాత్రి ప్లేట్‌లెట్లు దొరుకుతాయో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ పేరు కాగితం మీద రాయండి. దాని కింద బ్లడ్ గ్రూపు, చివరి మూడు సీబీసీలు (రక్తకణాల లెక్క రిపోర్టులు), బ్లాస్టుల శాతం, మందు పేరు, చివరి సైకిల్ తేదీ, హెమటాలజిస్టు (రక్తజబ్బుల డాక్టరు) నంబరు. ఒక కాపీ నాన్న చొక్కా జేబులో ఉంది, ఇంకోటి ఫ్రిజ్ మీద అంటించాం. చొక్కా ఉతికిన ప్రతిసారీ అమ్మ తిడుతుంది, అది వేరే సంగతి.