రాజమండ్రి పాత మేడలో ఫ్లాట్ కొనేముందు

గోదావరి గట్టుకు దగ్గరలో పాత మేడలో ఫ్లాట్ అమ్మకానికి ఉందంటే, ఎత్తైన గదులు, టేకు దూలాలు చూడగానే మనసు లాగేస్తుంది. బయానా ఇచ్చేముందు దయచేసి ఇవి చూసుకోండి.

• వాన పడిన మర్నాడే వెళ్లండి. ఇలాంటి ఇళ్లకు చాలావరకు మద్రాసు టెర్రస్ ఉంటుంది. దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, సున్నంతో వేసిన కప్పు అది. దూలం గోడలోకి దిగే చోటే తేమ పట్టి పాడవుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగి పొడి రాలితే చెద పట్టిందో, కుళ్లిందో అన్నమాట. సున్నపు గోడకు పైన సిమెంటు పూత వేసి ఉంటే ఇంకా జాగ్రత్త, తేమ బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. కొత్త రంగు చూసి మోసపోకండి.

• కింది అంతస్తయితే, 1986 వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో వీధిలో పెద్దవాళ్లని అడగండి.

• ఈసీతో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) పాటు లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, 30 ఏళ్లవి లాయరుకు చూపించండి. స్థలం దేవాదాయ శాఖదేమో, 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో చూడాలి.

• ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు తప్పనిసరి. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణతో వాళ్లకీ కొడుకులతో సమాన హక్కుంది. “అక్కయ్య ఏమీ అనదులెండి” అంటే ఒప్పుకోకండి, ఆవిడ రిజిస్ట్రేషన్‌కి రావాల్సిందే.

• మీ వాటాకు స్థలం ఎన్ని గజాలొస్తుందో, డాబా ఎవరిదో దస్తావేజులో రాయించండి.

• కప్పు మరమ్మతు ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలో ముందే కాగితం మీద పెట్టించండి.