టైర్ మీద నంబర్ ఒకటి, టేపు చెప్పేది ఇంకొకటి: ఆఫ్‌రోడ్ టైర్ల సైజు సమస్యలు - పరిష్కారాలు

వానలు మొదలవకముందే మా థార్‌కి కొత్త ఏటీ (ఆల్-టెరైన్, అంటే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు, కొంచెం వెడల్పు రిమ్‌లు వేయించాను. పాత టైర్లు 245/75 ఆర్16, కొత్తవీ అదే నంబర్. ఇంటికొచ్చి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు ఎడమవైపు నుంచి గరగరమని చప్పుడు. షాపుకి ఫోన్ చేస్తే "నంబర్ అదే కదన్నా, ఎట్ల తగుల్తది?" అన్నాడు. టార్చ్ పెట్టి చూస్తే లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద నల్లటి చార, దాని కింద నేల మీద రబ్బరు పొడి కనిపించాయి. తగులుతూనే ఉంది.

అప్పుడే పురికొస తెచ్చి టైరు నడుం చుట్టూ బిగించి కొలిచాను. కొత్త టైరు చుట్టుకొలత 2 మీటర్ల 45.5 సెంటీమీటర్లు వచ్చింది. 3.1416తో భాగిస్తే ఎత్తు (అంటే డయామీటర్) సుమారు 781 మిల్లీమీటర్లు. అరిగిన పాత టైరు 759. నంబర్ ఒకటే, తేడా 22 మిల్లీమీటర్లు.

నంబర్ చెప్పే లెక్క ఇదీ: 245 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 75 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, అంటే 183.75. పైనా కిందా కలిపి 367.5. దానికి 16 ఇంచుల రిమ్, అంటే 406.4 కలిపితే 773.9. ఇది డిజైన్ లెక్క. తయారీలో కొంత హెచ్చుతగ్గులకు ప్రమాణాలే చోటిస్తాయి. అందుకే ఒకే నంబర్ ఉన్న రెండు కంపెనీల టైర్లు పక్కపక్కన నిలబెడితే తేడా కంటికే తెలుస్తుంది.

సమస్య: అదే సైజు వేశాం, అయినా తగులుతోంది

ముందు రిమ్‌ని అనుమానించండి. 245 అనే వెడల్పుని నిర్ణీత వెడల్పున్న కొలత రిమ్ మీద, గాలి నింపి ఒక రోజు ఉంచాక కొలుస్తారు. ఈ సైజుకి ఆ రిమ్ 7 ఇంచులు. రిమ్ అర ఇంచు పెరిగితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నేను వేయించినవి 8 ఇంచుల రిమ్‌లు. సైడ్‌వాల్ ఉబ్బు దగ్గర రెండు వైపులా కర్రలు ఆనించి కొలిస్తే 258 వచ్చింది. పైగా ఆ రిమ్‌ల ఆఫ్‌సెట్ (రిమ్ నడిమధ్య నుంచి బోల్టులు బిగించే ముఖం ఎంత బయటికుందో చెప్పే కొలత) తక్కువ. చక్రం బయటికి జరిగింది కాబట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు అది తిరిగే మేర కూడా పెరిగింది. దానికితోడు ఏటీ, ఎంటీ (మడ్-టెరైన్, అంటే బురద దారుల) టైర్లకు భుజాల దగ్గర దిమ్మెలు పొడుచుకొచ్చి ఉంటాయి. మొదట లైనర్‌కి తగిలేది ఆ దిమ్మెలే.

పరిష్కారం: నేను కంపెనీ రిమ్‌లే తిరిగి వేయించాను. అదే టైరు 248కి దిగింది, చప్పుడు పోయింది. స్పేసర్ (చక్రం వెనక పెట్టే లోహపు బిళ్ల) పెట్టమని ఎవరైనా అంటే వినకండి, అది చక్రాన్ని ఇంకా బయటికి తోస్తుంది. లైనర్ కొంచెం కత్తిరించడం, స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో ఆపే స్టాపర్ బోల్టు సర్దడం కూడా చేస్తారు. స్టాపర్ సర్దితే బండి తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. మన గల్లీల్లో అది రోజూ ఇబ్బందే.

సమస్య: పెద్ద టైర్లు వేసినా ఎత్తు రాలేదు

31×10.50 ఆర్15 (31 ఇంచుల ఎత్తు, 10.50 ఇంచుల వెడల్పు, 15 ఇంచుల రిమ్) లాంటి ఇంచుల సైజుల్లో ఇది ఎక్కువ. 31 అని రాసి ఉన్నా చాలా టైర్లు కొలిస్తే దాదాపు అర ఇంచు తక్కువే వస్తాయి. బండి బరువు పడితే ఇంకా దిగుతుంది. ఇంకో సంగతి, టైరు పెరిగిన దాంట్లో సగమే బండి కిందకి దక్కుతుంది. జిమ్నీకి 195/80 ఆర్15 తీసి 215/75 ఆర్15 వేస్తే లెక్క ప్రకారం 693 నుంచి 703.5కి పెరుగుతుంది. కింద వచ్చే గ్రౌండ్ క్లియరెన్స్ 5 మిల్లీమీటర్లే. అందుకని కొనేముందు కంపెనీ స్పెసిఫికేషన్ షీట్‌లో అసలు డయామీటర్, ఏ రిమ్ మీద కొలిచారు అన్న రెండు వరుసలు చూడండి. షాపువాడు నోటితో చెప్పే ఇంచులు లెక్కలోకి తీసుకోకండి.

సమస్య: మైలేజీ పడిపోయింది, స్పీడ్ మీద నమ్మకం పోయింది

245/75 నుంచి 265/75 ఆర్16కి మారితే ఎత్తు 803.9 అవుతుంది. దాదాపు 3.9 శాతం ఎక్కువ. చక్రం ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటర్ మాత్రం పాత లెక్కే వేస్తుంది. నిజంగా 12 వస్తున్నా 11.5 వస్తున్నట్టు కనిపిస్తుంది. బరువైన టైరు తినే డీజిల్ వేరే ఉంటుంది, అది నిజమైన నష్టమే. రెంటినీ కలిపి ఇంజిన్‌కి రోగం వచ్చిందని టెన్షన్ పడొద్దు.

స్పీడ్‌కి వస్తే, మీటర్లను అసలు వేగం కన్నా కొంచెం ఎక్కువే చూపేలా తయారు చేస్తారు. పెద్ద టైరు ఆ వెసులుబాటుని తినేస్తుంది. ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్) మీద లోపలి లేన్‌లలో పరిమితి 120. మీటర్ చూసుకుని సరిగ్గా అక్కడే ఆపుకుంటున్నాం అనుకునేవాళ్లు జాగ్రత్తపడాలి. పక్కన కూర్చున్నవాళ్ల ఫోన్‌లో జీపీఎస్ పెట్టించి ఓఆర్‌ఆర్ మీద 10 కిలోమీటర్లు నడపండి. ఓడోమీటర్ 9.6 చూపిస్తే మీ తేడా 4 శాతం. వచ్చే సర్వీసు కూడా ఆ తేడా కలుపుకునే చేయించండి.

సమస్య: 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి వెళ్లే మోడ్) బండి బిగుసుకుంటోంది

నాకు ఎక్కువ భయం దీని గురించే. మా బాబాయి కొడుకు ముందు రెండు టైర్లే కొత్తవి వేయించాడు, అదే నంబర్. అనంతగిరి కొండల దగ్గర మట్టి దారి దిగి తారురోడ్డు ఎక్కాక కూడా 4హెచ్‌లోనే ఉన్నాడు. మలుపులో స్టీరింగ్ బరువెక్కింది, కింద నుంచి టక్ టక్ మని కుదుపులు. లివర్ 2హెచ్‌కి (వెనక రెండు చక్రాలే లాగే మోడ్) రానే లేదు.

థార్ లాంటి పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండికి మధ్యలో డిఫరెన్షియల్ (రెండు ఇరుసులనూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు, ముందూ వెనకా ఇరుసులు ఒకే లెక్కన తిరగాలి. ట్రెడ్‌లో (నేలని తాకే రబ్బరు మందంలో) 8 మిల్లీమీటర్ల తేడా అంటే ఎత్తులో 16, అంటే 2 శాతం. కిలోమీటరుకి దాదాపు 20 మీటర్ల తేడా. మట్టిలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ మెలిక అంతా గేర్ల మీద పడుతుంది.

అక్కడికక్కడ చేయాల్సింది: స్టీరింగ్ నిటారుగా పెట్టి కొన్ని మీటర్లు రివర్స్ చేయండి, మెలిక వదులుతుంది, లివర్ వస్తుంది. తర్వాత నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, దగ్గర దగ్గర అరుగుదల ఉండేలా చూడండి. కొలవడం ఇలా: గాలి సరిచేసి, టైరు కింద నేల మీద చాక్‌పీస్ గీత పెట్టి, బండిని చక్రం 5 చుట్లు తిరిగేదాకా నెట్టండి. ముందూ వెనకా వేరువేరుగా కొలవండి. 2 శాతం తేడా ఉంటే 5 చుట్లలో 20 సెంటీమీటర్ల పైనే తేలుతుంది.

స్టెప్నీ సంగతి మర్చిపోకండి. వెనక డోర్‌కి వేలాడే పాత చిన్న టైరు పంక్చర్ రోజున ఎక్కిస్తే ఇదే గొడవ. అది ఎక్కించి ఉన్నంతసేపు 2హెచ్‌లోనే నడపాలి.

సైజే మార్చాలనుకునేవాళ్లు డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్, మాన్యువల్ చూడండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్‌వాళ్లూ అడుగుతారు.

షాపులో ఒక్క పని అడగండి: ముందు ఒక్క టైరే ఎక్కించి, గాలి పట్టించి, ముందు చక్రానికి బిగించమనండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, పురికొసతో కొలిచి, సరే అనుకున్నాకే మిగతా మూడూ ఎక్కించమనండి. నాలుగూ ఎక్కాక వెనక్కి తీసుకోమంటే నాకు దొరికిన జవాబే మీకూ దొరుకుతుంది.