పైథాన్ నేర్చుకుందాం, 3వ పాఠం: పుస్తకాన్ని వెనక నుంచి తెరవండి

గత పాఠంలో ఫర్ లూప్ దాకా వచ్చాం. ఇకపై పక్కన ఒక రిఫరెన్స్ పుస్తకం ఉండాలి. ఇది మొదటి పేజీ నుంచి చదివేది కాదు. ప్రోగ్రాం ఆగినప్పుడు తెరిచి, కావలసింది చూసుకుని మూసేసేది. అందుకే కొనేముందు అట్టకన్నా చివరనున్న పదసూచిక చూడాలి.

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పాత పుస్తకం దొరికితే బేరానికి ముందు ప్రింట్ ఎలా రాశారో చూడండి. బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం. 2020 జనవరి 1తో దాని ఆలనాపాలనా ఆగిపోయింది. సగం ధరకిచ్చినా వద్దు. బ్రాకెట్లు మనమే పెట్టుకుంటే పోలేదా అంటారేమో! ప్రింట్ తప్పును కంప్యూటరే పట్టిస్తుంది, 7/2ను పట్టించదు. ఆ పుస్తకంలో జవాబు 3, మీ తెరమీద 3.5.

ఒడిశాలో ఉన్న మన తెలుగువాళ్లకు అసలు పరీక్ష వేరే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పేర్ల జాబితా రెండు లిపుల్లోనూ వస్తుంది. ‘రాయగడ’ పొడవెంతని, పొడవు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్‌ను అడగండి. కంటికి నాలుగక్షరాలే, పైథాన్ 3 మాత్రం 5 అంటుంది. దీర్ఘాన్ని విడిగా లెక్కపెట్టింది మరి. అక్షరాలను ఫైల్లో అంకెలుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో దాచిన ఫైల్లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 15. ఒడియా లిపికీ బైట్ల లెక్క ఇంతే. పదసూచికలో ‘ఎన్‌కోడింగ్’ వెతికి ఆ పేజీ తీయండి. ఓపెన్‌తో ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని చెప్పిన ఉదాహరణ ఉందా? అది చెప్పకపోతే విండోస్‌లో చాలా వెర్షన్లు సిస్టం సొంత ఎన్‌కోడింగ్ వాడతాయి. పేర్లు పిచ్చి గుర్తులవుతాయి, లేదా యూనికోడ్ ఎర్రర్‌తో ప్రోగ్రాం నిలిచిపోతుంది.

తర్వాత ‘సార్ట్’ పేజీ. లిస్టునే సర్దేసి, తిరిగి ఇచ్చేది ‘నన్’ (ఏమీ లేదని చెప్పే విలువ) అని అక్కడ ఒక్క వాక్యమైనా ఉండాలి. లేదంటే మార్కుల లిస్టును సార్ట్ చేసి, ఆ ఫలితాన్ని మళ్లీ అదే పేరులో పెడతారు. మార్కులన్నీ పోయి నన్ మిగులుతుంది. ఏ ఫంక్షన్ ఏం తిరిగిస్తుందో చెప్పనిది రిఫరెన్స్ కాదు.

ఎఫ్-స్ట్రింగ్ (వాక్యం మధ్యలోనే వేరియబుల్ విలువను ఇమిడ్చే పద్ధతి) 2016లో, పైథాన్ 3.6తో వచ్చింది. అది ఉంటే మేలు. 3.10 నాటి ‘మ్యాచ్’ (విలువను బట్టి దారి ఎంచుకునే వాక్యం) లేకపోయినా ఇప్పట్లో లోటేమీ తెలియదు.

డబ్బు పెట్టలేకపోతే పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ ఉచితమే. జిప్‌గా ఒకసారి దించుకుంటే, సిగ్నల్ అందని కొండ ఊళ్లోనూ తెరుచుకుంటుంది.

వచ్చే పాఠానికి ఐదు తెలుగు పేర్లు, ఐదు ఒడియా పేర్లు నోట్‌ప్యాడ్‌లో వరసకొకటి చొప్పున రాసి, యూటీఎఫ్-8లో సేవ్ చేసి ఉంచండి.