కుస్తీలో స్ప్రాల్ వేసినా కాళ్ళు దొరికిపోతున్నాయా?

లక్షణం: ప్రత్యర్థి డబుల్ లెగ్‌కు (రెండు కాళ్ళూ పట్టి పడేయడానికి) వచ్చిన ప్రతిసారీ మీరు స్ప్రాల్ (కాళ్ళు వెనక్కి విసిరి, తుంటి బరువు అతని మీద వేయడం) వేస్తూనే ఉన్నారు, అయినా అతని చేతులు మీ మోకాళ్ళ వెనుక కలుసుకుంటూనే ఉన్నాయి. ఫ్రీస్టైల్ కుస్తీలో టేక్‌డౌన్‌కు (ప్రత్యర్థిని కింద పడేసి అదుపు చేయడానికి) 2 పాయింట్లు, 10 పాయింట్ల తేడా వస్తే బౌట్ అక్కడితో సరి. ఎదురు పాయింట్ లేకుండా ఐదుసార్లు పడితే 6 నిమిషాలూ ఆడే పనే ఉండదు.

ఇలాంటప్పుడు వేగం చాలడం లేదని తేల్చేసుకుని బీచ్ రోడ్డు మీద పరుగులు పెంచేవారే ఎక్కువ. ముందు ఫోన్‌లో వీడియో తీయించుకుని, అతను కాళ్ళకు దిగడానికి సరిగ్గా ముందరి క్షణం దగ్గర ఆపి, మీ తల ఎంత ఎత్తున ఉందో చూడండి. ఎంత చెప్పినా ఈ ఒక్క పని మాత్రం చేయరు.

అసలు కారణం చాలాసార్లు మెడ దగ్గర ఉంటుంది. అతను అరచేతిని మీ మెడ వెనుక వేసి కిందికి గుంజుతాడు. మీరు పడిపోకూడదని ఎదురు గుంజుకుని నిటారుగా లేస్తారు. అతనికి కావలసింది అదే. మీరు లేచిన క్షణంలో మోకాళ్ళ వంపు పోయి, బరువు మడమల మీదికి జారి, నడుము కింద ఖాళీ ఏర్పడుతుంది, అతను చేయి వదిలేసి ఆ ఖాళీలోకి దిగుతాడు. అప్పుడు మీరు వేసే స్ప్రాల్ ఎంత చక్కనిదైనా ఆలస్యమైనదే. మెడ మీది గుంజుడు ఎవరికీ గుర్తుండదు, కాళ్ళు దొరకడం మాత్రం గుర్తుంటుంది, అందుకే తప్పంతా స్ప్రాల్ మీదికి పోతుంది.

పరిష్కారం: గుంజినప్పుడు వెన్ను ఎత్తకుండా మోకాళ్ళు వంచి కిందికి దిగండి, నుదురు అతని కణతకు ఆనించండి, మెడ మీదున్న చేతి మోచేతిని కింది నుంచి పైకి నెట్టి, వెంటనే పక్కకు అడుగు వేయండి. సాధనలో జోడీని కేవలం గుంజమనండి. అది అలవాటయ్యాక, చెప్పకుండా అప్పుడప్పుడు కాళ్ళకు దిగమనండి.

తల సరిగానే ఉంటే నడుము చూడండి. పిరుదులు గాలిలోకి లేస్తే అది స్ప్రాల్ కాదు. తుంటి బరువంతా అతని భుజం మీద పడాలి. ఆర్కే బీచ్ ఇసుకలో నేర్చినవారికి ఇక్కడ మరో చిక్కు ఉంది: ఇసుకలో కాలివేళ్ళు దిగబడి పట్టునిస్తాయి, విశాఖ ఉక్కపోతకు చెమటతో తడిసిన మ్యాట్ మీద అవే జారిపోతాయి. రౌండ్‌కు రౌండ్‌కు మధ్య మ్యాట్ తుడవండి.

బూట్ల అడుగు అరగడం, బరువు విభాగం తేడా వంటివి కారణం కావడం బహు అరుదు, వాటిని చివరన చూసుకోవచ్చు.