కొత్త అలాట్‌మెంట్‌లో ఏ పండ్ల చెట్లు పెట్టాలి, స్ట్రాబెర్రీలు ఎప్పుడు నాటాలి

అలాట్‌మెంట్ అంటే బ్రిటన్‌లో కూరగాయలు, పండ్లు పండించుకోవడానికి కౌన్సిలో, సంఘమో కౌలుకిచ్చే చిన్న నేల. ఆ ప్లాట్ తాళంచెవి చేతికొచ్చిన వారంలోనే చాలామంది నర్సరీకి ఆర్డర్ పెట్టేస్తారు. ఒక విక్టోరియా ప్లమ్, ఒక బ్రామ్లీ ఆపిల్, ఒక డజను స్ట్రాబెర్రీ మొక్కలు. అన్నీ పేరు చూసి కొన్నవే. నాలుగేళ్ళు గడిచేసరికి బ్రామ్లీ పక్కవాళ్ళ ప్లాట్‌ మీదికి నీడ పరుస్తుంది, కమిటీ నుంచి ఉత్తరం వస్తుంది. ఆ చెట్టు ఎంత ఎత్తు పెరగాలో, ఎన్నేళ్ళకు కాయాలో నిర్ణయించింది కింద ఉన్న వేరుమూలం, అంటే పైరకాన్ని అంటు కట్టిన వేరే మొక్క వేరు. కొనేటప్పుడు దాని సంగతే ఎవరూ అడగలేదు.

కాబట్టి మొదట చదవాల్సింది కౌలు ఒప్పందం. 1922 అలాట్‌మెంట్స్ చట్టం కుటుంబ అవసరాలకు కూరగాయలు, పండ్లు పండించుకునే నేలనే అలాట్‌మెంట్ గార్డెన్ అంటుంది కనుక పండ్లకు అడ్డేమీ లేదు. అయితే చెట్ల విషయంలో ఒక్కో కౌన్సిల్‌ది, ఒక్కో సంఘానిది ఒక్కో నియమం. కొన్నిచోట్ల పొట్టి వేరుమూలం మీద కట్టిన అంట్లకే అనుమతి. కొన్నిచోట్ల ఎత్తుకో, చెట్ల సంఖ్యకో హద్దు ఉంటుంది. కొన్నిచోట్ల గట్టు నుంచి ఎంత దూరంలో పెట్టాలో కూడా రాసి ఉంటుంది. సైట్ సెక్రటరీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పూర్తి ప్లాట్ అంటే పాత లెక్కలో 10 రాడ్లు, సుమారు 250 చదరపు మీటర్లు. ఇప్పుడు కొత్తవాళ్ళకు ఎక్కువగా ఇస్తున్నది అందులో సగం. ఆ సగంలో మూడు నాలుగు పొట్టి చెట్లు, ఒక స్ట్రాబెర్రీ మడి పెడితే కూరగాయలకు ఇంకా చోటు మిగులుతుంది. అంతకు మించి ఆశపడొద్దు.

వేరుమూలం సంగతి

అంటు మామిడి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పైన రుచి ఉన్న రకం కొమ్మ, కింద వేరే మొక్క వేరు. ఆపిల్‌లో ఆ కింది వేర్లను కెంట్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం వర్గీకరించి నంబర్లు ఇచ్చింది. పేరులో ఉండే "ఎం" అక్షరం అదే. "ఎంఎం" అని రెండుసార్లు ఉంటే అది మాలింగ్, మెర్టన్ కేంద్రాలు కలిసి ఉన్ని పేనును తట్టుకునేలా తయారుచేసినది.

ఎం 27 అన్నిటికన్నా పొట్టిది, రెండు మీటర్లు దాటదు. వినడానికి అలాట్‌మెంట్ కోసమే పుట్టినట్టు ఉంటుంది గానీ కొత్త ప్లాట్‌కు పనికిరాదు. దాని వేర్లు బలహీనం. నేల సారవంతంగా ఉండాలి, చుట్టూ గడ్డిపోచ ఉండకూడదు, బతికినన్నాళ్ళూ కర్ర ఊతం కావాలి. కలుపు నిండిన పాత ప్లాట్‌లో పెడితే అది పెరగదు, కాయదు. ఎం 9 రెండున్నర నుంచి మూడు మీటర్ల దాకా వస్తుంది, రెండు మూడేళ్ళలో కాపుకొస్తుంది. దానికీ శాశ్వతంగా ఊతకర్ర ఉండాలి, ఎందుకంటే వేర్లు పెళుసు. మామూలు నేలకు, వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే వెళ్ళగలిగేవాళ్ళకు సరైనది ఎం 26. మూడు మీటర్లు, మహా అయితే మూడున్నర పెరుగుతుంది. చెట్టుకూ చెట్టుకూ మూడు మీటర్ల పైచిలుకు దూరం చాలు. నేల మరీ నిస్సారంగానో, గట్టి బంకమట్టిగానో ఉంటే ఎంఎం 106 తీసుకోండి. మంచి నేలలో నాలుగు మీటర్లు పెరిగే చెట్టు అక్కడ కాస్త తక్కువలోనే ఆగుతుంది. ఎం 25 మీద ఉన్నది మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. అది పెద్ద తోటల చెట్టు.

పియర్‌కు క్విన్స్ సి, క్విన్స్ ఎ అని రెండు. క్విన్స్ సి కొంచెం పొట్టి, సారవంతమైన నేలకు. సందేహం ఉంటే క్విన్స్ ఎ. ప్లమ్‌కు పిక్సీ పొట్టిది, కానీ నీరు తగ్గితే కాయ చిన్నబోతుంది. ఎండాకాలం క్యాన్లు మోయలేనివాళ్ళు సెయింట్ జూలియన్ ఎ తీసుకుని, ఏటా వేసవిలో కత్తిరించి అదుపులో పెట్టుకోవడం మేలు. చెర్రీకి జిసెలా 5 తప్ప మరొకటి వద్దు. పండు రంగు తిరిగిన రోజే పక్షులు వాలతాయి, చెట్టు మొత్తాన్ని వల కప్పగలిగితేనే మీకు చెర్రీ దక్కుతుంది. కోల్ట్ అనే పెద్ద వేరుమూలం మీద పెరిగిన చెట్టుకు అంత వల వేయడం అయ్యే పని కాదు.

లేబుల్ మీద వేరుమూలం పేరు లేకుండా "చిన్న తోటలకు అనువైనది" అని మాత్రమే రాసి ఉన్న చెట్టును కొనొద్దు.

రకాలు, జతలు

ఆపిల్ పువ్వుకు సాధారణంగా మరో రకం ఆపిల్ పుప్పొడి కావాలి. నర్సరీలు పూసే కాలాన్ని బట్టి రకాలను గుంపులుగా విడదీసి నంబర్లు ఇస్తాయి. ఒకే గుంపులోవి గానీ, పక్క గుంపులోవి గానీ జతపడతాయి. అలాట్‌మెంట్ సైట్‌లో చుట్టూ పది ఆపిల్ చెట్లు ఉండనే ఉంటాయి కాబట్టి ఈ చింత కొంత తక్కువే. అయినా ఏప్రిల్ చివర్లో ఒకసారి సైట్ అంతా తిరిగి, ఏ చెట్లు పూత మీద ఉన్నాయో చూసుకుంటే నిశ్చింత. బ్రామ్లీతో ఒక చిక్కుంది. అది ట్రిప్లాయిడ్, అంటే దాని పుప్పొడి ఇతర చెట్లకు పనికిరాదు. బ్రామ్లీతో పాటు ఇంకొక్కటే పెడితే బ్రామ్లీ కాస్తుంది, రెండోది కాయకుండా ఉండిపోతుంది. మూడో చెట్టు కావాలి.

కాక్స్ రుచి గొప్పది, కానీ స్కాబ్ (ఆకు, కాయల మీద నల్లమచ్చల తెగులు), క్యాంకర్ (బెరడు మీద పుండ్లు) రెండూ దాన్ని వదలవు. మందు కొట్టకుండా పెంచాలనుకునేవాళ్ళకు దాని రుచికి దగ్గరగా ఉండే సన్‌సెట్ నయం. తొందరగా తినడానికి డిస్కవరీ, ఆగస్టు నడిమికే పండుతుంది, కానీ నిల్వ ఉండదు. ఎగ్రెమాంట్ రసెట్ సెప్టెంబరు చివర కోస్తే చలికాలం మొదటి నెలలు నిలుస్తుంది. ఒక్క చెట్టుకే చోటుంటే తన పుప్పొడితో తానే కాసే స్క్రంప్షస్ పెట్టండి. పియర్‌లో కాన్ఫరెన్స్ తోడు లేకపోయినా కొంత కాస్తుంది. ప్లమ్‌లో విక్టోరియా, జార్, మార్జొరీస్ సీడ్లింగ్ మూడూ ఒంటరిగా కాసేవే. చెర్రీలో స్టెల్లా, సన్‌బర్స్ట్ అంతే.

రుచి కన్నా ముందు క్యాలెండర్ చూడండి. బడి సెలవులకు జూలై చివర్లో ఇండియా వెళ్ళి ఆగస్టు ఆఖరుకు తిరిగొచ్చే ఇల్లయితే స్టెల్లా చెర్రీ, జార్ ప్లమ్, డిస్కవరీ ఆపిల్ మీరు లేనప్పుడే పండి రాలిపోతాయి. అలాంటివాళ్ళు సెప్టెంబరు, అక్టోబరులో కోతకొచ్చే ఎగ్రెమాంట్ రసెట్, కాన్ఫరెన్స్, మార్జొరీస్ సీడ్లింగ్ వైపు వెళ్ళాలి. వేసవిలో కాసే స్ట్రాబెర్రీలకు ఈ ఇబ్బంది లేదు, సెలవులకు ముందే అయిపోతాయి.

చోటు, గుంట, నాటడం

ప్లాట్‌లో పల్లంగా ఉన్న మూల చెట్టుకు చేటు. చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. విచ్చిన పువ్వు సున్నాకు రెండు డిగ్రీలు కిందికి పోతే నల్లబడుతుంది. ప్లమ్ అందరికన్నా ముందు పూస్తుంది గనుక మెరకచోటు దానికివ్వండి. ఉత్తరపు అంచున పెడితే మీ కూరగాయల మీద నీడ పడదు, కానీ అటువైపు దారి ఉందో, మరొకరి మడులున్నాయో చూసుకోవాలి.

నీరు ఇంకుతుందో లేదో తెలియాలంటే అర మీటరు లోతు గుంట తవ్వి నీళ్ళు నింపి వదిలేయండి. మర్నాటికీ నీళ్ళు నిలిచి ఉంటే అక్కడ ఆపిల్‌కు క్యాంకర్, వేరుకుళ్ళు తప్పవు. వేరేచోటు చూడండి, లేదా 20, 25 సెం.మీ. ఎత్తు దిబ్బ వేసి దాని మీద నాటండి. పాత ఆపిల్ తీసేసిన గుంటలో మళ్ళీ ఆపిల్ పెట్టకూడదు. ఆ మట్టిలో మిగిలిన సూక్ష్మజీవులు కొత్త వేరును ఎదగనివ్వవు.

నవంబరు నుంచి మార్చి దాకా మట్టి లేకుండా వేర్లతోనే అమ్మే మొక్కలు దొరుకుతాయి. కుండీ మొక్క కన్నా ఇవి చవక, రకాలూ ఎక్కువ, వేర్లు చుట్టలు చుట్టుకుని ఉండవు. నేల గడ్డకట్టి ఉన్నప్పుడో, నీళ్ళు నిలిచినప్పుడో మొక్క ఇంటికొస్తే, వేర్లు ఎండకుండా ఒక కాలువలాంటి గుంటలో పడుకోబెట్టి మట్టి కప్పి ఉంచండి. నాటే ముందు ఒక గంట బకెట్ నీళ్ళలో నానబెట్టండి.

గుంట వెడల్పుగా ఉండాలి, లోతు వేర్లకు సరిపడా చాలు. అడుగున కంపోస్ట్ పోయడం చాలామంది చేసే పొరపాటు. అది కుళ్ళి కుంగినకొద్దీ చెట్టు లోపలికి దిగిపోతుంది. తవ్విన మట్టితోనే పూడ్చండి, ఎరువు పైన పరచండి. అంటు కట్టిన చోట ఉబ్బెత్తుగా కనిపించే ముడి నేలకు కనీసం 10 సెం.మీ. పైన ఉండాలి. అది మట్టిలోకి వెళ్ళిందంటే పైరకం తానే వేర్లు వేసుకుంటుంది. మీరు ఎంచి తెచ్చిన పొట్టి వేరుమూలం అక్కరకు రాకుండా పోతుంది, చెట్టు ఇష్టమొచ్చినంత పెరుగుతుంది. ఊతకర్రను చెట్టుకన్నా ముందు, గాలి వచ్చే వైపు దిగ్గొట్టండి. తర్వాత కొడితే వేర్లు తెగుతాయి. కట్టు రబ్బరుదై ఉండాలి, ఏటా రెండుసార్లు వదులు చేయాలి. బిగిసిన కట్టు బెరడును కోసేస్తుంది.

చుట్టూ మీటరు వెడల్పు పాదులో గడ్డి మొలవనివ్వకండి. కొత్త చెట్టు ఎదగకపోవడానికి తెగులు కన్నా గడ్డే ఎక్కువసార్లు కారణం, నీళ్ళన్నీ అదే తాగేస్తుంది. మాగిన ఎరువును 5 సెం.మీ. మందాన పరచండి, మొదలుకు మాత్రం తగలనివ్వొద్దు. మొదటి వేసవిలో వాన లేని వారానికి రెండు క్యాన్లు, అంటే 20 లీటర్ల దాకా నీళ్ళు ఒకేసారి నిదానంగా పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి.

ఏడాది వయసు ఒంటి కాడ ఆపిల్‌ను నాటిన చలికాలంలోనే 75 సెం.మీ. ఎత్తులో, మంచి మొగ్గ పైన కత్తిరిస్తే పక్క కొమ్మలు వస్తాయి. ప్లమ్, చెర్రీ జోలికి చలికాలంలో వెళ్ళొద్దు. ఆ గాయాల్లోంచి సిల్వర్ లీఫ్ శిలీంధ్రం దూరుతుంది. లేత మొక్కకు మొగ్గలు విచ్చే వసంతంలో, పెద్ద చెట్టుకు జూన్ నుంచి ఆగస్టులోపు కత్తెర వేయాలి. మొదటి ఏడాది కాసిన పిందెలన్నీ తుంచేయండి. మనసొప్పదు గానీ ఆ ఏడాది బలం వేరుకు, కొమ్మకు పోవాలి.

స్ట్రాబెర్రీలు

ఇక్కడ రకం కన్నా నాటే నెల ముఖ్యం. వేసవిలో కాసే రకాలు పగలు కురచబడే సెప్టెంబరు, అక్టోబరుల్లో మొక్క లోపల వచ్చే ఏటి పూమొగ్గలు కట్టుకుంటాయి. ఆగస్టులో నాటిన మొక్క ఆపాటికి వేరు పట్టి నాలుగాకులు వేసి ఉంటుంది కనుక మరుసటి జూన్‌లో బాగా కాస్తుంది. అక్టోబరు చివర నాటినది ఆ అవకాశం పోగొట్టుకుంటుంది. వసంతంలో ప్లాట్ చేతికొచ్చినవాళ్ళకు చల్లని గదుల్లో నిల్వ ఉంచిన రన్నర్లు (తల్లిమొక్క నుంచి పాకే తీగల మీద పుట్టే పిల్లమొక్కలు) ఉన్నాయి. వాటిలో మొగ్గలు ముందే కట్టి ఉంటాయి కాబట్టి నాటిన రెండు నెలలకు కాస్తాయి.

కొత్త ప్లాట్‌లో నేల బాగుపడుతుందని మొదటి ఏడాది బంగాళాదుంప వేయమంటారు. మంచి సలహాయే. కానీ ఆ మడిలో ఆ వెంటనే స్ట్రాబెర్రీ పెట్టకండి. దుంప, టమాటా, స్ట్రాబెర్రీ మూడింటినీ పట్టే వెర్టిసీలియం వడలు తెగులు మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మిగిలిన చోటు కలుపు నేలే అయితే ముందు బైండ్‌వీడ్, కౌచ్ గ్రాస్ వేళ్ళు ఏరెయ్యండి. స్ట్రాబెర్రీ దుబ్బులోకి బైండ్‌వీడ్ వేరు దూరిందంటే మొక్కను పెకలించకుండా దాన్ని తియ్యలేరు.

పక్క ప్లాట్ ఆవిడ ఆప్యాయంగా తన రన్నర్లు ఇస్తారు. కాదనడం కష్టమే అయినా వాటిని నాటకండి. పేనుబంక ద్వారా వైరస్ పాకిన మొక్క చూడ్డానికి బాగానే ఉంటుంది, కాపు మాత్రం ఏటేటా పడిపోతుంది. ధ్రువీకరించిన మొక్కలే కొనండి. డజనుతో మొదలుపెట్టండి. ముందస్తుకు హనీఓయ్, మధ్యకాలానికి కేంబ్రిడ్జ్ ఫేవరెట్, ఆలస్యానికి ఫ్లారెన్స్ నాలుగేసి పెడితే నెలకు పైగా పళ్ళు అందుతాయి. వడలు తెగులు భయం ఉన్న నేలలో హనీఓయ్ బదులు పెగాసస్. ఎప్పుడూ కాసే రకాల్లో మారా దె బ్వా సువాసనకు పెట్టింది పేరు, కాయ చిన్నది.

మొక్కల మధ్య 40 సెం.మీ., సాళ్ళ మధ్య 75 సెం.మీ. ఆకులన్నీ పుట్టే మొదలు సరిగ్గా నేలమట్టానికి ఉండాలి. లోతుగా పోతే కుళ్ళుతుంది, పైకి తేలితే ఎండుతుంది. నాటిన రెండు వారాలకు వానలో మట్టి కుంగి ఉంటుంది, మళ్ళీ చూసి సర్దండి. కాయలు బరువెక్కి వాలేటప్పుడు కింద గడ్డి పరచండి. ముందే పరిస్తే నేల వేడి మొక్కకు అందక ఆ రాత్రుల మంచుకు పువ్వు దెబ్బతింటుంది. పువ్వు నడుమ నల్లమచ్చ కనిపిస్తే ఆ పువ్వు కాయదు. బూజు పట్టిన పండును అక్కడే పడేయకుండా ఏరి అవతల పెట్టాలి, లేకపోతే తడి రోజుల్లో రెండ్రోజులకే పక్క పళ్ళకు పాకుతుంది. ఉన్నట్టుండి వడలిన మొక్కను లాగితే చేతికి ఊడివస్తే, వేర్లు తిన్నది వైన్ వీవిల్ పురుగు. ఆగస్టు చివర, సెప్టెంబరుల్లో నేల వెచ్చగా ఉండగా ఆ పురుగును చంపే నెమటోడ్లు (కంటికి కనపడని నులిపురుగులు) కలిపిన నీళ్ళు పోస్తే అదుపులోకి వస్తుంది.

కోత అయ్యాక వేసవి రకాల పాత ఆకులను నేలకు 10 సెం.మీ. పైన కోసి, గడ్డీ ఆకులూ తీసి కంపోస్ట్‌లో వేయండి. ఎప్పుడూ కాసే రకాలకు ఈ కోత వద్దు, ఎండుటాకులు తుంచితే చాలు. అక్కరలేని రన్నర్లను వచ్చినవి వచ్చినట్టే తెంపండి. మూడు నాలుగేళ్ళకు ఈ మడి అలసిపోతుంది. మూడో ఏట ఆగస్టులోనే ప్లాట్‌లో మరో చోట కొత్త మొక్కలతో ఇంకో మడి నాటి, అది మరుసటి జూన్‌లో కాయడం మొదలయ్యాక పాతదాన్ని తవ్వేయండి.