బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ప్రోటీన్ కొలవడం ఎలా?

శాంపిల్‌లో ప్రోటీన్ ఎంతుందో త్వరగా తెలియాలంటే చాలా ల్యాబుల్లో చేసేది బ్రాడ్‌ఫర్డ్ పరీక్షే. మేరియన్ బ్రాడ్‌ఫర్డ్ 1976లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆమ్లంలో గోధుమరంగుగా ఉండే కూమాసీ జి-250 అనే రంగు, ప్రోటీన్‌కు, ముఖ్యంగా దానిలోని ఆర్జినిన్‌కు అంటుకుని నీలంగా మారుతుంది. ఆ నీలాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 595 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొలుస్తాం.

1. ఫ్రిజ్‌లోని రియేజెంట్‌ను, అంటే ఆ కూమాసీ రంగు ద్రావణాన్ని, బయటపెట్టి గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. సీసాను మెల్లగా తిరగేసి కలపండి.

2. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) ద్రావణం తీసుకోండి. ఐదు ట్యూబుల్లో 20, 40, 60, 80, 100 మైక్రోలీటర్లు వేసి, అన్నిటినీ బఫర్‌తో 100కి నింపండి. ఇవే స్టాండర్డ్‌లు. ఆరో ట్యూబులో వట్టి బఫరే, అది బ్లాంక్. ఇక్కడ నీళ్లు పోసి సరిపెట్టకండి. మీ శాంపిల్ ఏ బఫర్‌లో ఉందో అదే వాడాలి.

3. శాంపిల్‌ను కూడా అదే బఫర్‌తో 100 మైక్రోలీటర్లకు తెచ్చి, ప్రతి ట్యూబులో 5 మిల్లీలీటర్ల రియేజెంట్ పోసి కలపండి. వీలైతే అన్నీ రెండేసి ట్యూబులు పెట్టండి.

4. ఐదు నిమిషాలు ఆగి రీడింగ్ తీయండి. గంట దాటనివ్వద్దు, రంగు అడుగుకు దిగడం మొదలవుతుంది. రీడింగ్ కోసం ద్రావణం పోసే చిన్న పాత్రలు, అంటే క్యూవెట్లు, ప్లాస్టిక్‌వే మేలు. క్వార్ట్జ్‌వాటికి నీలం అంటుకుంటే వదిలించడం పెద్ద తలనొప్పి.

5. ఒక్కో స్టాండర్డ్‌లోని బీఎస్ఏ మైక్రోగ్రాములకు దాని రీడింగ్ పెట్టి గ్రాఫ్ గీయండి. గీత పైకి వెళ్లేకొద్దీ కాస్త వంగుతుంది, అది మామూలే. బలవంతంగా సరళరేఖ గీయకండి. 10 మైక్రోలీటర్ల శాంపిల్‌కు గ్రాఫ్‌లో 30 మైక్రోగ్రాములు వస్తే, గాఢత మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు. ముందే ఐదింతలు పలుచన చేసి ఉంటే 15.

శాంపిల్ రీడింగ్ అన్నిటికంటే ఎక్కువున్న స్టాండర్డ్‌ను దాటిందా? నీలం ద్రావణాన్ని పలుచన చేస్తే లాభం లేదు, రంగు అప్పటికే ఖర్చయిపోయింది. అసలు శాంపిల్‌ను పలుచన చేసి మళ్లీ పెట్టాలి.

వచ్చే అంకె బీఎస్ఏతో పోల్చి చెప్పినది మాత్రమే. బీఎస్ఏ ఈ రంగును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి యాంటీబాడీలను దానితో కొలిస్తే తక్కువ చూపిస్తుంది. వాటికి ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) స్టాండర్డ్ పెట్టుకోండి. శాంపిల్‌లో ఎస్‌డీఎస్, ట్రైటాన్ లాంటి డిటర్జెంట్లు ఎక్కువగా ఉంటే మాత్రం ఈ పద్ధతిని పక్కనపెట్టి, ప్రోటీన్ కొలిచే మరో పద్ధతి బీసీఏ చేయడమే నయం.