వాన పడితే ట్రిప్ అవుతోందా? తోటలోని సాకెట్‌తో వచ్చే తిప్పలు

ఏ మూత విప్పాలన్నా ముందు మెయిన్ ఆపేయండి. ఆపాక కూడా టెస్టర్ పెట్టి చూడండి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో అంతకుముందే కరెంటున్న సాకెట్‌లో చూసి ఉండాలి. వైర్లు విప్పి బిగించే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

వాన పడగానే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే, బోర్డులోని స్విచ్. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని అది చూస్తుంటుంది. ఇళ్లలో వాడే 30 మిల్లీ ఆంపియర్ల రకం, తేడా 15 నుంచి 30 మధ్యకు చేరేసరికి పడిపోతుంది. పెట్టెలో కాస్త తడి చేరినా అది చాలు.

ముందు ప్లగ్గులన్నీ పీకి ఆర్‌సీసీబీని మళ్లీ ఎత్తండి. నిలబడితే లోపం మోటారులోనో లైట్లలోనో ఉంది. నిలబడకపోతే సాకెట్‌నో కేబుల్‌నో అనుమానించాలి.

సాకెట్ అయితే అందరూ ముందు మూత వంక చూస్తారు. నీళ్లు మాత్రం చాలాసార్లు కేబుల్ వెంబడే జారి లోపలికి వస్తాయి, ముఖ్యంగా కేబుల్ పైనుంచి దిగితే. కేబుల్ కింది వైపు నుంచి, గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగుసుకునే బిరడా) ద్వారా లోపలికి వెళ్లాలి. దానికి ముందు కిందికి చిన్న వంపు ఉంటే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది.

నేనొకసారి అతి జాగ్రత్తకు పోయి పెట్టె నాలుగు పక్కలా సిలికాన్ పూసేశాను. వానాకాలం దాటాక విప్పితే లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి! పగటి వేడికి లోపలున్న తేమ రాత్రి చల్లబడి నీరవుతుంది, దానికి బయటికి దారి లేదు. పైన, పక్కలా పూయండి, కింద వదిలేయండి. పెట్టె అడుగున నీరు పోయే రంధ్రం ఇచ్చి ఉంటే తయారీదారు చెప్పినట్టు తెరిచి ఉంచాలి.

ఐపీ 65 అని రాసి ఉన్నా తడుస్తోంది

ఐపీ అంకెలు దుమ్ము, నీటి నుంచి ఎంత రక్షణ ఉందో చెబుతాయి. కొన్ని రకాల్లో ఆ రక్షణ మూత మూసి ఉన్నంతసేపే. ప్లగ్ పెట్టి మూత ఎత్తి వదిలేస్తే ఆ అంకెకు అర్థం లేదు. ప్లగ్ ఉండగానే మూత పూర్తిగా పడే లోతైన రకం కొనండి. లావుపాటి అడాప్టర్ వాడేవాళ్లు కొనేముందు దాన్ని పెట్టి చూసుకోవాలి. రెండో అంకె నీటికి సంబంధించింది: 4 అంటే చిందే నీళ్లు, 5 అంటే పైపుతో కొట్టే ధార. మొక్కలకు పైపుతో నీళ్లు పట్టేచోట 4 సరిపోదు.

వానా లేదు, ప్లగ్గూ లేదు, అయినా ట్రిప్

తోటకు వెళ్లే స్విచ్ ఆపి ఉన్నా ఇంట్లో ఇంకేదో వేయగానే పడిపోతోందా? మట్టిలోని కేబుల్‌కు గునపం తగిలి న్యూట్రల్ ఎర్త్‌కు ఆని ఉండొచ్చు. మామూలు స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది కాబట్టి, ఇంట్లో వాడే కరెంటులో కొంత ఆ దారిన జారుకుంటుంది. ఈ సంగతి తెలియక సాకెట్లు మార్చుకుంటూ పోతారు. బోర్డు దగ్గర ఆ కేబుల్ ఫేజ్, న్యూట్రల్ రెండూ విడదీయించి, 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్‌తో చూపించండి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి, మంచి కేబుల్‌కు ఇంకా చాలా ఎక్కువే వస్తుంది. దెబ్బతిన్నచోట టేపు చుట్టి మట్టి కప్పితే వచ్చే వానకు మళ్లీ మొదటికే. కొత్తగా ఆర్మర్డ్ (లోహపు తొడుగున్న) కేబుల్ వేయించి, 60 సెంటీమీటర్ల లోతున పూడ్పించి, పైన హెచ్చరిక టేపు పరిపించండి.

ఇంత గొడవెందుకని ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇచ్చేవాళ్లూ ఉంటారు. తడి నేల మీద నిలబడేది మీరే, ఒప్పుకోకండి.

ప్లగ్ వేడెక్కుతోంది, పిన్నులు నల్లబడ్డాయి

స్క్రూ వదులైంది, లేదా సాకెట్ లోపలి పట్టు సడలింది. కరెంటు పరిమితి దాటదు కాబట్టి దీన్ని ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్) పట్టుకోలేదు. సాకెట్ మార్పించి, కాలిన రాగిని కత్తిరించి కొత్త కొస బిగించమనండి. ప్లగ్ కూడా నల్లబడితే అదీ మార్చాలి, లేకపోతే కొత్త సాకెట్‌నూ పాడుచేస్తుంది.

మోటారు బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోంది

వెంటనే మెయిన్ ఆపండి. మోటారులో లీకు, పైగా ఎర్త్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. టెస్ట్ బటన్ నొక్కితే పడిపోయిందిగా అని ధైర్యపడొద్దు. ఆ బటన్ ఆర్‌సీసీబీని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్ వైరు ఉందో లేదో దానికి తెలియదు. ఎర్త్ లేనప్పుడు లీకైన కరెంటుకు దొరికే దారి మీ ఒళ్లే, అది పారాకే ఆర్‌సీసీబీ పడుతుంది. సాకెట్ ఎర్త్ పిన్ను నుంచి ఎర్త్ దాకా మీటరుతో కొలిపించేవరకు ఆ సాకెట్ వాడొద్దు.